ఆ కొన్ని గంటలు జవళగిరికి కూడా కావాలి



2024 సెప్టెంబరు 30న నటుడు రజనీకాంత్ చెన్నై అపోలో ఆసుపత్రిలో చేరారు. గుండె నుంచి బయలుదేరే ప్రధాన రక్తనాళంలో వాపు ఉందని, ఛాతీ కోయకుండా నాళం లోపలి నుంచే స్టెంటు పెట్టి ఆ వాపును మూసివేశామని ఆసుపత్రి ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే ఆయన క్షేమంగా ఇంటికి చేరారు. ఆయన పూర్వీకుల ఊరు మన కృష్ణగిరి జిల్లాలోని నాచికుప్పం. అందుకే ఆ వార్తను మన ప్రాంతం సొంత ఇంటి సంగతిలా విన్నది. ఆయన కోలుకున్నందుకు మేమూ సంతోషించాం.

అదే రక్తనాళం నాచికుప్పం రైతుకూ ఉంది. జవళగిరిలో రాగి చేలో కలుపు తీసే తల్లికీ, హోసూరు సిప్‌కాట్‌లో రాత్రి షిఫ్టు చేసే తమ్ముడికీ ఉంది. వారికి ఆ నాళంలో కీడు జరిగితే అది ఏమిటో గుర్తుపట్టేదెవరు? ఎన్ని గంటల్లో, ఎక్కడికి చేర్చగలం? డబ్బు మాట ఎవరు చూస్తారు? ఈ నెల మా సంపాదకీయం ఈ ప్రశ్నల గురించే.

ఏమిటీ జబ్బు?

గుండె నుంచి పైకి లేచి, మెడ కింద వంపు తిరిగి, వెన్నెముక పక్కగా పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళాన్ని డాక్టర్లు అయోర్టా అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు బృహద్ధమని. తోటకు నీళ్ళు పట్టే రబ్బరు పైపంత లావుంటుంది. మెదడుకు, చేతులకు, మూత్రపిండాలకు, పేగులకు, కాళ్ళకు వెళ్ళే రక్తమంతా దాని కొమ్మల్లోంచే పోతుంది.

ఈ నాళం గోడకు మూడు పొరలుంటాయి. లోపలి పొర ఒకచోట చిరిగిందనుకోండి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం ఆ చిరుగులోకి దూరి పొరలను విడదీసుకుంటూ పోతుంది. బొంత అంచున ఒక కుట్టు ఊడితే, లాగేకొద్దీ రెండు గుడ్డలు విడిపోతూ పోవడం మనం చూశాం కదా, అలాగే. దీన్నే అయోర్టిక్ డిసెక్షన్ అంటారు. ధమని గోడ చీలిక అని మనం చెప్పుకోవచ్చు. రజనీకాంత్ గారికి వచ్చినది వాపు అని ఆసుపత్రి చెప్పింది. అలాంటి వాపు ఉన్నచోట గోడ పలచబడుతుంది, చీలిక వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ముందుగా తెలిస్తే తీరికగా ఆలోచించి చికిత్స చేయవచ్చు. చీలిక వచ్చాక తీరిక ఉండదు.

చీలిక ఎటు పాకితే అటు నష్టం. మెదడుకు వెళ్ళే కొమ్మ మూసుకుపోతే పక్షవాతం. కాలికి వెళ్ళే కొమ్మ మూసుకుపోతే కాలు చల్లబడి చచ్చుబడుతుంది. గుండె చుట్టూ ఉన్న సంచిలోకి రక్తం కారితే గుండె కొట్టుకోవడానికే చోటుండదు, ప్రాణం నిమిషాల్లో పోవచ్చు. గుండెకు దగ్గరగా పైకి లేచే భాగంలో చీలికను టైప్ ఏ అంటారు. దీనికి వెంటనే ఆపరేషన్ కావాలి. గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద రోగిని ఉంచి, చిరిగిన భాగాన్ని తీసేసి, దాని స్థానంలో గుడ్డతో చేసిన గొట్టాన్ని కుడతారు. ఆ భాగాన్ని తాకకుండా కిందికి దిగే భాగంలోనే వచ్చే చీలిక టైప్ బి. దీన్ని చాలాసార్లు బీపీని, నొప్పిని మందులతో అదుపు చేసి నయం చేస్తారు. అవసరమైతే లోపలి నుంచి స్టెంటు పెడతారు.

టైప్ ఏ చీలికకు ఆపరేషన్ జరగకపోతే మొదటి 48 గంటల్లో గంట గంటకూ నూటికి ఒకరిద్దరు చొప్పున చనిపోతారన్నది డాక్టర్లు ఎంతో కాలంగా చెప్పే లెక్క. మందులు, పరీక్షలు మెరుగుపడ్డాక వచ్చిన ఇటీవలి లెక్కల్లో అది గంటకు అర శాతం దగ్గర ఉంది. ఏ లెక్క తీసుకున్నా, పొద్దున చూద్దాంలే అనుకునే జబ్బు మాత్రం కాదు.

నొప్పి ఎలా ఉంటుంది?

అంతర్జాతీయంగా 12 పెద్ద ఆసుపత్రుల డాక్టర్లు కలిసి ఈ జబ్బుతో వచ్చిన 464 మంది వివరాలను 2000 సంవత్సరంలో ప్రచురించారు. నూటికి 85 మందికి నొప్పి హఠాత్తుగా మొదలైంది. నూటికి 90 మంది అది చాలా తీవ్రమైనదని, లేదా జీవితంలో అంతటి నొప్పి ఎరుగమని చెప్పారు. నూటికి 72 మందికి అంతకు ముందే బీపీ ఉంది. దాదాపు మూడో వంతు మందికి ఈసీజీ మామూలుగానే వచ్చింది.

ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి. ఈసీజీ బాగుందంటే అంతా బాగుందని కాదు. ఈ చీలికను ఖాయం చేసేది రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్, లేదా గొంతు ద్వారా చేసే ఎకో పరీక్ష.

గుర్తులు ఇవి. ఛాతీలోనో, రెండు భుజాల మధ్య వీపులోనో ఒక్కసారిగా కోసినట్టు, చీల్చినట్టు నొప్పి. అది ఛాతీ నుంచి వీపుకు, వీపు నుంచి నడుముకు, పొట్టకు జరుగుతున్నట్టు ఉండటం. చెమటలు పట్టి కళ్ళు తిరిగి పడిపోవడం. మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం. ఒక చేతి బీపీకి, రెండో చేతి బీపీకి బాగా తేడా ఉండటం. అన్నీ ఒకరిలోనే కనబడవు. హఠాత్తుగా వచ్చిన భరించలేని నొప్పి ఒక్కటి చాలు కదలడానికి.

ఛాతీ నొప్పికి ఈ చీలిక కంటే గుండెపోటే ఎక్కువసార్లు కారణం. ఏది గుండెపోటో, ఏది చీలికో ఇంట్లో కూర్చుని తేల్చలేం, తేల్చనక్కర్లేదు కూడా. రెండింటికీ ఇంట్లో వాళ్ళు చేయవలసింది ఒకటే: 108కి ఫోన్ చేయడం. తేల్చవలసింది ఆసుపత్రి. ఎందుకంటే గుండెపోటుకు ఇచ్చే, గడ్డలు కరిగించే ఇంజెక్షన్ ఈ చీలిక ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు. అందుకే ఎవరో చెప్పిన మాత్రలు ఇంట్లో వేయకూడదు. నొప్పి ఎప్పుడు, ఎలా మొదలైంది, ఎటు జరిగింది, ఏ మందులు వాడుతున్నారు అన్నది డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

మన ప్రాంతంలో ఈ చెప్పడంలోనే ఒక చిక్కుంది. ఇంట్లో తెలుగు, జీహెచ్‌లో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం. ముసలితల్లి 'చీలినట్టుంది నాయనా' అంటే అవతలివారికి 'నొప్పి' అన్నంత వరకే చేరవచ్చు. తమిళంలో 'కిళిక్కిర మాదిరి', కన్నడంలో 'సీళిద హాగె' అని చెప్పగలిగిన మనవడు పక్కనుంటే అదే సగం వైద్యం. మూడు భాషలూ వచ్చిన మన యౌవనస్థులు ఆసుపత్రికి తోడు వెళ్ళడం పెద్ద పరిచర్య అని మేము నమ్ముతున్నాం.

గ్యాస్ అనుకుని...

ఈ జబ్బును పొరబడటం పల్లెల్లోనే జరుగుతుందనుకోకండి. 1996 జనవరిలో న్యూయార్క్ నగరంలో జోనథన్ లార్సన్ అనే 35 ఏళ్ళ నాటక రచయిత ఛాతీ నొప్పితో కొద్ది రోజుల్లోనే రెండు ఆసుపత్రులకు వెళ్ళాడు. ఒకచోట తిండి పడలేదన్నారు, ఇంకోచోట వైరల్ జ్వరమన్నారు. రెండు చోట్లా ఇంటికి పంపారు. జనవరి 25న అయోర్టా చీలికతో చనిపోయాడు. ఆయన రాసిన 'రెంట్' నాటకం ప్రేక్షకుల ముందుకు రావలసిన రోజు అదే.

మైకేల్ డెబేకీ సంగతి ఇంకా ఆశ్చర్యం. ఈ చీలికకు 1950లలో ఆపరేషన్ పద్ధతిని రూపొందించినవారిలో ఆయన ప్రముఖుడు. 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ళ వయసులో, ఆయనకే ఈ నొప్పి వచ్చింది. మొదట గుండెపోటు అనుకున్నాడు. 2006 ఫిబ్రవరిలో, తాను నేర్పిన ఆపరేషనే తనకు జరిగి బతికాడు. 2008 జూలైలో, నూరేళ్ళు నిండటానికి కాస్త ముందు కన్నుమూశాడు. అంతటి నిపుణుడే మొదట వేరొకటి అనుకున్నప్పుడు, మన ఊళ్ళో సోడా తాగించి, వాము నమిలించి, గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టడంలో వింతేమీ లేదు. ఆ అలవాటును మాత్రం మార్చుకోవాలి. గ్యాస్ అయితే ఆసుపత్రికి వెళ్ళినందుకు పోయేది కాస్త డబ్బు, ఒక రాత్రి నిద్ర. చీలిక అయితే, వెళ్ళనందుకు పోయేది మనిషి.

బీపీ: అందరూ తేలికగా తీసుకునేది

ఈ చీలికకు అన్నిటికంటే పెద్ద కారణం అదుపులో లేని బీపీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం భారతదేశంలో 30 నుంచి 79 ఏళ్ళ వయసువారిలో సుమారు 18.8 కోట్ల మందికి బీపీ ఉంది. వారిలో ఆ సంగతి తెలిసినవారు నూటికి 37 మందే. అదుపులో ఉన్నది నూటికి 15 మందికే.

ఇక్కడ మన జిల్లా గర్వపడవలసిన విషయం ఒకటుంది. ఇంటి గడపకే వచ్చి బీపీ, షుగరు చూసి మందులిచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం 'మక్కళై తేడి మరుత్తువం' 2021 ఆగస్టు 5న మొదలైంది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. ఆ కార్యకర్తలు గడపకు వచ్చినప్పుడు 'నాకేం, రాయిలా ఉన్నాను' అని తిప్పి పంపకండి. బీపీ నొప్పి పుట్టించదు, చాలామందిలో ఏ గుర్తూ చూపించదు. 140/90 దాటి మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టరు చెప్పిన మాత్ర రోజూ వేసుకోవాలి. పండక్కి ఊరెళ్ళామని, బాగానే ఉన్నామని మధ్యలో ఆపకూడదు. ఉప్పు తగ్గించాలి. బీడీ, సిగరెట్టు మానాలి.

యౌవనస్థులారా, ఇది ముసలివాళ్ళ జబ్బే అనుకోకండి. పుట్టుకతోనే ధమని గోడ బలహీనంగా ఉండేవారు కొందరున్నారు. మార్ఫన్ సిండ్రోమ్ అనేది అలాంటిది. మనిషి సన్నగా బాగా పొడుగ్గా, చేతివేళ్ళు పొడవుగా, కళ్ళ చూపు మందంగా ఉండవచ్చు. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1984 ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచింది. 1986 జనవరిలో జపాన్‌లో ఆట మధ్యలో బెంచీ మీద కూలిపోయి, 31 ఏళ్ళకే చనిపోయింది. ఆమెకు మార్ఫన్ ఉందన్న సంగతి మరణం తర్వాతే బయటపడింది. ఆ తర్వాత ఆమె సోదరుడికి పరీక్ష చేస్తే అతనికీ అదే ఉందని తెలిసి, సకాలంలో ఆపరేషన్ జరిగింది. మీ ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, ఎవరికైనా అయోర్టా వాపో చీలికో వచ్చి ఉంటే, ఆ సంగతి దాచకండి. తోడబుట్టినవారు, పిల్లలు ఒకసారి డాక్టరుకు చెప్పి ఎకో చేయించుకోవాలి. ఆ కుటుంబాల్లో గర్భిణులైతే మరీ జాగ్రత్త. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని దాచిన జబ్బు, దాచినవారి బిడ్డలనే పట్టుకుంటుంది.

ప్రార్థన, మోసుకెళ్ళే నలుగురు

మన సంఘాల్లో ఒక మాట చెప్పక తప్పదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి చుట్టూ చేరి, 'ప్రార్థన అయ్యాక చూద్దాం' అనడం విశ్వాసం కాదు. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, దారి లేకపోతే ఇంటికప్పు విప్పి ప్రభువు ముందుకు దించిన సంగతి మార్కు సువార్తలో చదివాం. ఆ నలుగురు ఆగలేదు, దారి చేసుకున్నారు. ప్రభువు వారి విశ్వాసాన్ని చూశాడు. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించినప్పుడు దేవుడు ఆ ప్రార్థన విన్నాడు. అదే ఘట్టంలో యెషయా ప్రవక్త అంజూరపు ముద్దను పుండు మీద వేయమన్నాడు. ప్రార్థనకూ మందుకూ అక్కడ పోట్లాట లేదు. అంబులెన్సులో కూర్చుని చేసే ప్రార్థన కూడా ప్రార్థనే. బీపీ మాత్ర మానేయమని చెప్పే హక్కు ఏ కాపరికీ లేదు.

మనకు దగ్గరలోని వేలూరు సి.ఎం.సి. పుట్టుక కూడా ఇలాంటి ఒక రాత్రిలోనే ఉంది. ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమై, మగ డాక్టరును రానివ్వని ఆచారం వల్ల సాయం అందక చనిపోయారు. ఆ చావులు చూసిన ఐడా స్కడర్ అమెరికా వెళ్ళి వైద్యం చదివి తిరిగివచ్చింది. 1900లో ఒక్క మంచంతో మొదలైన ఆమె వైద్యశాలే నేటి సి.ఎం.సి. అందుబాటులో లేని వైద్యాన్ని అందుబాటులోకి తేవడం మన సాక్ష్యంలో భాగమని ఆ ఆసుపత్రి నూరేళ్ళకు పైగా చెబుతోంది.

ఇది న్యాయం ప్రశ్న కూడా

ఇప్పుడు జవళగిరికి వద్దాం. చుట్టూ అడవి. చలికాలం మొదలయ్యేసరికి బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు జవళగిరి, తళి, డెంకణికోట అడవుల్లోకి దిగుతాయి. రాత్రి పది దాటాక ఆ దారిన బండి తీయాలంటే ధైర్యం కావాలి. తళి మీదుగా ఆసుపత్రికి చేరినా, అక్కడ అనుమానం రావాలి, స్కాన్ జరగాలి, ఆపరేషన్ చేయగలిగిన చోటికి పంపాలి. గుండె ఆపరేషన్లకు పేరున్న జయదేవ, హోసూరు రోడ్డు మీదే బొమ్మసంద్రలో ఉన్న నారాయణ వంటి ఆసుపత్రులు బెంగళూరులో ఉన్నాయి. అంటే దూరంగా లేవు, కానీ వేరే రాష్ట్రంలో ఉన్నాయి. 2022 జనవరిలో ప్రారంభమైన కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల మన రాష్ట్రంలోనే ఉంది, కానీ జవళగిరి నుంచి అది బెంగళూరుకు ఎదురు దిక్కు. ఎటు వెళ్ళాలో తేల్చుకోవడానికే ఒక గంట పోవచ్చు. ఆ గంట ఖరీదు పైన చెప్పుకున్నాం.

రాష్ట్ర సరిహద్దు రోగికి అడ్డుగోడ కాకూడదు. 2021 మేలో, కరోనా ఉధృతిలో, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపినప్పుడు తెలంగాణ హైకోర్టు కలగజేసుకుని ఆ ఆంక్షలను నిలిపివేసింది. అంతకు చాలా ముందే, 1996లో, సుప్రీంకోర్టు ఒక వ్యవసాయ కూలీ కేసులో దారి చూపింది. 1992లో రైలు నుంచి పడి తలకు గాయమైన ఆ మనిషిని పశ్చిమ బెంగాల్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకోలేదు. అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు చెప్పింది, పరిహారం ఇప్పించింది. మంచాలు లేవు, డబ్బు లేదు అన్నది జవాబు కాదని కూడా చెప్పింది.

తమిళనాడు ప్రభుత్వానికి ఈ దారి కొత్త కాదు. 2021 డిసెంబరులో మొదలైన 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం కింద రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, వారు ఏ రాష్ట్రం వారైనా, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో మొదటి 48 గంటల వైద్యం ఉచితం. అయోర్టా చీలికలో కూడా అత్యంత ప్రమాదకరమైనవి ఆ మొదటి 48 గంటలే. రోడ్డు మీద గాయపడినవాడికి ఇచ్చిన హామీని, లోపల ధమని చీలినవాడికీ, గుండెపోటు వచ్చినవాడికీ ఇవ్వమని మేము కోరుతున్నాం.

మా వినతులు నాలుగు. ఒకటి, మొదటి 48 గంటల ఉచిత వైద్యాన్ని గుండె, రక్తనాళాల అత్యవసరాలకు విస్తరించాలి. రెండు, హోసూరు, తళి, డెంకణికోట, అంచెట్టి ప్రాంతాల రోగులను అవసరమైతే నేరుగా బెంగళూరుకు చేర్చేలా తమిళనాడు, కర్ణాటక ప్రభుత్వాలు అంబులెన్సు విషయంలోనూ, బీమా కార్డు విషయంలోనూ ఒప్పందం చేసుకోవాలి. మూడు, ఊరి దగ్గరి ఆసుపత్రుల్లో హఠాత్తు ఛాతీ నొప్పితో వచ్చినవారికి రెండు చేతుల బీపీ చూడటం, అనుమానం వస్తే నిపుణుడితో అప్పటికప్పుడు ఫోన్లో మాట్లాడటం నియమం కావాలి. నాలుగు, ఏనుగులు తిరిగే రాత్రుల్లో అంబులెన్సుకు దారి చూపే బాధ్యత అటవీ శాఖ తీసుకోవాలి.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి సంఘం ఒక బీపీ మిషన్ కొనాలి. మంచి మైకు ధరలో చిన్న వంతు కూడా కాదు. నెలకొక ఆదివారం ఆరాధన తర్వాత గుడి ముంగిట ఎవరు వచ్చినా, ఏ మతం వారైనా, ఏ వీధి వారైనా బీపీ చూడాలి. యౌవనస్థుల కూటం ఒక చార్టు తయారుచేసి గోడకు అంటించాలి: 108, దగ్గరి ఆసుపత్రి నంబరు, స్కాన్ ఎక్కడ రాత్రిపూట కూడా తీస్తారు, గుండె ఆపరేషన్ ఎక్కడ జరుగుతుంది, కారున్న సంఘస్థుల పేర్లు. ముఖ్యమంత్రి బీమా పథకం కింద అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం దొరుకుతుంది. ఆ కార్డు లేనివారికి ఈ నెలలోనే దరఖాస్తు పెట్టించండి. ఉన్నవారు అది ఏయే ఆసుపత్రుల్లో చెల్లుతుందో, సరిహద్దు అవతల చెల్లుతుందో లేదో ముందే కనుక్కుని కార్డు వెనక రాసి ఉంచుకోండి. నడిరాత్రి ఆసుపత్రి గడపలో తెలుసుకోవలసిన సంగతి కాదది.

ఏటా సెప్టెంబరు 19ని అయోర్టా చీలికపై అవగాహన దినంగా పాటిస్తారు. ఆ తేదీ దాకా ఆగనక్కర్లేదు. వచ్చే ఆదివారం మీ పక్కన కూర్చున్న పెద్దాయనను అడగండి: 'తాతా, బీపీ చూపించుకుని ఎన్నాళ్ళయింది?' జవాబు సరిగా రాకపోతే, ఆయనను ఇంటికి పంపే ముందు చూడండి.